నాయన ఛాతీ మట్టం

మా అక్క ఇల్లు కట్టుకోవాలనుకున్న జాగా మున్సిపాలిటీ మ్యాపులో నీలం రంగు కింద పడింది. వక్కిలేటికి వరద వస్తే మునిగే చోటని దానర్థం. ఆఫీసులో ప్లాను కుదరదన్నారు. అక్క ఆళ్లగడ్డలో టీచరు. ఉద్యోగమంతా అద్దె ఇళ్లల్లోనే గడిచిపోయింది, రిటైరయ్యేలోపు సొంతింట్లో కాలు పెట్టాలని ఆమె ఆశ. నేను నంద్యాలలో సర్వే పని చేసుకుంటుంటాను. ఫోన్ చేసి, "ఊళ్లో అందరి జాగాలూ కొలుస్తాండావు గదా, నాది యాడుందో వచ్చి చూడు" అంది.

నా చిన్నప్పుడు వచ్చిన పెద్ద వరదకు వంతెన రాతి మీద గుర్తు చెక్కారు, నీళ్లు ఇంకా తియ్యకముందే. అక్కడ లెవెల్ మిషను పెట్టి, వీధులెంబడి ఆ ఎత్తు తెచ్చుకుంటూ అక్క జాగా దాకా వచ్చాను. జాగా ఆ నీళ్లకంటే జానెడు పైనే ఉంది. నాకు ఒళ్లు మండింది. మరి ఏ లెక్కన నీలం పూశారని ఆఫీసులో నిలదీస్తే, ఇంజినీరు తాపీగా చెప్పాడు.

"వీధిలో అడిగాం మేడమ్. అందరూ మీ చర్చి గోడ మీది గీతే చూపించారు. ఆ ఎత్తే పట్టుకున్నాం."

ఆ గీత మా నాయనది.

ఆ వరదలో నాయన నన్ను భుజాల మీద కూర్చోబెట్టుకుని, అక్కను చంకనెత్తుకుని చర్చిలో గోడకానుకుని నిలబడ్డాడు. నీళ్లు ఆయన ఛాతీ దాకా వచ్చి ఆగాయి. ఆ తర్వాత ప్రతి క్రిస్మస్ ముందూ చర్చికి సున్నం కొట్టేటప్పుడు పాత గీత సున్నం కింద కలిసిపోయేది. నాయన మళ్లీ అదే చోట గోడకు వీపు ఆనించి నిలబడేవాడు. ఛాతీ మీద చెయ్యి పెట్టి, "ఈడికి. దేవుడు ఈడ ఆపినాడు" అనేవాడు. అక్కా నేనూ పోటీపడి ఎర్రమన్నులో గుడ్డ ముంచి గీత గీసేవాళ్లం. తడి సున్నం వాసన, నాయన చొక్కా మీద మా ఎర్ర వేళ్ల మరకలు, అమ్మ తిట్లు. పండగంటే మాకు కేకులూ కొత్త బట్టలూ కాదు, అదే. ఇప్పటికీ ఎక్కడ సున్నం వాసన తగిలినా నాకు నాయన మీద బెంగ పుడుతుంది.

ఆ మధ్యాహ్నం చర్చిలోకి వెళ్లి కిటికీ అరుగు మీద చతికిలబడ్డాను. కూర్చున్నాక గుర్తొచ్చింది, నాయన ఈ అరుగు మీద భుజం ఆనించుకుని నిలబడి పాటలు పాడేవాడు. అది ఇంత కిందికి ఎలా వచ్చింది? కిటికీ దిగలేదు, నేల లేచింది. రోడ్డు ఎత్తు పెరిగిన ప్రతిసారీ వాననీళ్లు లోపలికొస్తున్నాయని మొరం పోసి బండలు పరిచారు. మట్టినేల మీద బండలు, ఆ బండల మీద మళ్లీ మొరం, మళ్లీ బండలు. నాయన మాత్రం ఏటా కొత్త నేల మీద నిలబడి అదే ఛాతీ చూపించాడు. ఆయన పోయాక సున్నం కొట్టేవాళ్లు ఆ ఆఖరి గీతను ముట్టుకోలేదు. నేలతో పాటు వరద కూడా పైకెక్కుతూ వచ్చింది. ఊరంతా దాన్నే నమ్మింది, చివరికి మ్యాపు కూడా.

అక్కకు చెబితే ముఖం మాడ్చుకుంది.

"ఏందే, నీ మిషనుకు నాయన అబద్ధమైపాయనా?"

"నాయన కాదక్కా, నేల."

నాయన పోయాక ఆయనవి మాకు మిగిలినవి కొద్ది. అందులో ఒకటి తప్పని నేను కాగితం మీద సంతకం పెట్టాలి. పెట్టాను. ఇంజినీరు కూడా వచ్చి, మొరం తవ్వించి కింది మట్టినేల చూసుకున్నాడు. నీలం రంగు వెనక్కి జరిగింది. అక్కకు ప్లాను వచ్చింది.

ముగ్గు పోసిన రోజు మేస్త్రీ బేస్‌మట్టం ఎంత ఎత్తు లేపమంటారని అడిగాడు. ఒకటిన్నర అడుగు చాలన్నాను. అక్క నా వైపు తిరిగింది.

"చర్చిలో నాయన గీత ఎత్తు ఈడికి తెస్తావా?"

"అంత అక్కర్లేదమ్మా," అన్నాడు మేస్త్రీ, "నీళ్లు రావని ఆఫీసోళ్లే రాసిచ్చిరి గదా. మట్టికే సగం దుడ్లు పోతాయి."

"మా నాయన వస్తాయన్నాడు" అంది అక్క. "ఆయన గీతకు పైనే నా గడప ఉండాల."

చర్చి తలుపులు బార్లా తీయించి, గుమ్మం ఎదురుగా మిషను పెట్టాను. తప్పని నేనే రాసిచ్చిన ఆ ఎత్తును వెంట్రుకవాసి తేడా రాకుండా అక్క జాగాలోకి తెచ్చి, మేకు కొట్టించాను.