గోడకెక్కని అత్త

మా మేనత్త పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను నంద్యాలలో నా షెడ్డు ముందర ఒక ఆటో కింద పడుకుని, హారన్ వైరు ఎక్కడ తెగిందా అని వెతుకుతున్నాను. ఫోన్ చేసింది మా బావ, అంటే ఆమె కొడుకు. "అమ్మ పోయింది రా" అన్నాడు. ఈ మాట ఇంకెవరు చెప్పినా నమ్మేవాణ్ణి కాదు. ఊరందరినీ ఆట పట్టించేవాణ్ణి కాబట్టి, అదను చూసి నాకు తిరగ్గొట్టాలని కాచుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. కానీ మా బావ బుద్ధెరిగిన తరువాత ఒక్కసారైనా హాస్యమాడినవాడు కాదు. నమ్మక తప్పలేదు. ఆళ్లగడ్డ బస్సెక్కి సగం దూరం పోయాక చూసుకుంటే టెస్టరు ఇంకా చేతిలోనే ఉంది.

నేను పదో తరగతి గట్టెక్కలేదు. మనిషి మంచితనం గురించి పెద్ద పెద్ద మాటలు రాయడం నాకు రాదు. మా అత్త కూడా అట్లాంటి మాటలు కూర్చుని వినే రకం కాదు. అందుకని ఆమె దసరాకు పెట్టే కొలువు గురించి చెబుతాను. అది చెబితే ఆమెను చెప్పినట్టే.

కొలువంటే అందరిళ్లల్లో బొమ్మలుంటాయి. మా అత్త కొలువులో మనుషులుండేవాళ్లు. ఫోటోల్లోంచి కత్తిరించి, అట్టకు అంటించి, వెనక చిన్న ఆసరా పెట్టి నిలబెట్టిన మనుషులు. ఆమె కొత్త కోడలుగా ఆళ్లగడ్డకు వచ్చిన ఏడు ఆ ఇంట్లో ఒక్క బొమ్మ కూడా లేదు. దసరా వచ్చేసింది. ఈమె పోయి కత్తెర తెచ్చి, మహానందిలో దిగిన తన పెళ్లి ఫోటోనే మొదట కత్తిరించింది. ఆ కాలంలో పెళ్లి ఫోటో అంటే పొలం పట్టా అంత భద్రంగా దాచుకునేవాళ్లు. వాళ్లత్త గుండెలు బాదుకుంది.

"అయ్యో, పెండ్లిని ముక్కలు జేసింది గదమ్మా!"

"ముక్కలు యాడ జేసినా? ఒగరెనకాల ఒగరు నిక్కి నిక్కి చూస్తాండ్రి. ఇప్పుడు ఎవురి తావు వాళ్లకిచ్చినా" అందంట కొత్త కోడలు.

అప్పటి నుంచి మా వంశంలో ఎవరింట్లో గ్రూపు ఫోటో తీసినా ఒక కాపీ ఆమె కత్తెరకు పోవాల్సిందే. మెట్లకు ట్రంకు పెట్టెలు, వాటి మీద మామ పంచె. మామ బస్సు కండక్టరు. దసరా తొమ్మిది రోజులూ పాపం ఆయనకు కట్టుకోవడానికి మంచి పంచె దొరికేది కాదు. వెనక అట్టలకు పాత పెళ్లిపత్రికలు, మిఠాయి డబ్బాలు. అంటించడానికి ఉడికించిన మైదా బంక. శిల్పాలు చెక్కే షెడ్ల దగ్గర పడి ఉండే రాతి పెచ్చులు ఏరుకొచ్చి పేరిస్తే అది నల్లమల కొండ. దాని మీద కొర్ర కంకులు గుచ్చితే అడవి. పళ్లెంలో మొలకెత్తిన రాగులు వరిమడి. పైన పాత క్యాలెండరు కాగితాల గొలుసులు. నేను నంద్యాల నుంచి సీరియల్ లైట్లు తెచ్చి వేలాడదీస్తానంటే గుమ్మం దాటనిచ్చేది కాదు.

"కొన్నదానికి కత యాడుంటాది రా? రేటుంటాది, అంతే."

గుగ్గిళ్లు కూడా ఊరికే పెట్టేది కాదు. వచ్చినవాళ్లు మెట్ల మీద ఎవరో ఒకరిని వేలుతో చూపించాలి. ఆమె ఆ మనిషి కథ చెప్పాలి. అది విన్నాకే చేతిలో గుగ్గిళ్లు. పక్కింట్లో గాజులమ్మే బూబమ్మ ఉంది. ఆమె ఏ ఏడూ రాకుండా మానిన మనిషి కాదు.

"ఈ కత పోయినేడు ఇంగోరకంగా చెప్పినావే అక్కా!" అనేది నలుగురి ముందర.

"పోయినేడు చెప్పిందే చెప్తే నువ్వు గుగ్గిళ్ల కోసరమే వచ్చినట్టయితాది గదా. నీ మర్యాద కోసరం మార్చినా" అనేది అత్త.

ఒక ఏడు నేను మా నాయన బొమ్మకు బంతిపూల దండ వేసి పెట్టాను. నాయన పక్క గదిలో కాఫీ తాగుతున్నాడు. వచ్చినవాళ్లంతా ఆ దండ చూసి గొంతు తగ్గించి "అయ్యో, ఎప్పుడు పోయినాడమ్మా?" అనడం, ఆ మాట విని నాయన గ్లాసుతో సహా బయటికి రావడం, ఒకామె కెవ్వున అరవడం, అన్నీ చకచకా జరిగిపోయాయి. అత్త ఆ దండ తీసి నా మెడలో వేసింది.

"ఇంగ సచ్చినోడివి నువ్వు. గమ్మున ఆ మూలన పడుండు."

జనం పోయాక, నవ్వడం ఆపి ఒక మాట చెప్పింది. "దండేస్తే మనిషిని పలకరించేకి జంకుతారు రా. నా కొలువులో దండ ఉన్నోళ్లకూ ల్యా, పోయినోళ్లకూ ల్యా." నిజమే. ఆ మెట్ల మీద ఎవరు బతికున్నారో ఎవరు లేరో కొత్తగా వచ్చినవాళ్లకు తెలిసేది కాదు. అందరి గురించీ ఒకే గొంతుతో చెప్పేది.

మాకెవరికీ ఏమీ కాని మనిషి కూడా ఆ మెట్ల మీద ఒకాయన ఉన్నాడు. అత్త పెళ్లి ఫోటోలో కుడిపక్క చివర, తలపాగా చుట్టుకుని, చంకలో గొడుగుతో, పెళ్లికొడుకు కంటే ఠీవిగా నిలబడిన మనిషి. అత్త తరఫు వాళ్లు ఆయనను మామ తరఫు అనుకున్నారు, మామ తరఫు వాళ్లు అత్త తరఫు అనుకున్నారు. కత్తిరించి పక్కన పెట్టాక తేలింది, ఎవరి తరఫూ కాదని. మహానందిలో ఒకే ముహూర్తానికి నాలుగైదు పెళ్లిళ్లు జరుగుతుంటాయి. పక్క పెళ్లి మనిషి మా పెళ్లిలో కలిశాడన్నమాట. పారెయ్యమన్నారు అందరూ. అత్త వినలేదు. అందరితో పాటే నిలబెట్టింది, కథ కూడా కట్టింది.

"ఈయన ఎవురో నాకు తెల్దు. మా పెండ్లిలో కడుపునిండా తిని, ఫోటో దిగి, మళ్లా కనపడల్యా. మా చుట్టాల్లో శానామంది కూడా అంతే."

కొన్నేళ్ల కిందట దసరాలో ఆత్మకూరు నుంచి ఒకామె తమ ఊరి గుడికి విగ్రహం చెక్కమని చెప్పడానికి ఆళ్లగడ్డకు వచ్చింది. బూబమ్మ ఆమెకు గాజులు తొడుగుతూ మాటల్లో పెట్టి, కొలువు చూపిస్తానని లాక్కొచ్చింది. ఆమె గొడుగాయనను చూపించింది. అత్త ఎప్పటిలాగే మొదలుపెట్టి "కడుపునిండా తిని" అనేదాకా వచ్చింది.

"మా నాయన" అంది ఆమె.

అందరం ఆమె వైపు తిరిగాం. అత్త మాత్రం తడబడలేదు. పీట ముందుకు జరిపింది.

"అట్లయితే ఆలస్యంగా వచ్చినావమ్మా. కూచ్చో. నువ్వొచ్చి చెప్తావని ఇన్నేండ్లు నిలబడుకోనుండాడు."

ఆమె చెప్పింది. అదే రోజు మహానందిలో వాళ్లమ్మ తరఫు చుట్టాల పెళ్లి ఉంది. వాళ్లమ్మ బాలింత. కదల్లేక, ఆ చుట్టాల్లో ఎవరినీ ఎరగని మొగుణ్ణి ఒక్కణ్ణే పంపించింది. ఆయన సాయంత్రం ఇంటికొచ్చి పెళ్లి బాగా జరిగిందన్నాడు, ఓళిగలు బాగున్నాయన్నాడు. చుట్టాలేమో మీ ఆయన రానేలేదన్నారు.

"పెండ్లికని చెప్పి యాడికో పోయినాడని మాయమ్మ బతికినన్నాళ్లూ సాధించింది. పోయినా, ఓళిగలు తిన్యా అని ఆయన ఒట్లు పెట్టుకునేటోడు. పోయినాడు పాపం, పక్క పెండ్లికి!"

నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. అత్త బొమ్మను ఆమె చేతిలో పెట్టబోయింది. ఆయన ఫోటో వాళ్లింట్లో ఇంకొకటి లేదు. అయినా ఆమె తీసుకోలేదు.

"నేను తీస్కపోతే పెట్టెలోకి పోతాడు. ఈడ మందిలో ఉండాడు, ఉండనీ అత్తా. దసరాకు నేనే వస్తా."

అన్నట్టే ప్రతి దసరాకూ సీతాఫలాల గంపతో వచ్చేది. తండ్రి కథ ఇక ఆమే చెప్పేది. అదొక్కటి చాలు నాకు, మా అత్త గురించి ఎవరి ముందరైనా రొమ్ము విరుచుకుని చెప్పుకోవడానికి. దారి తప్పి వచ్చిన మనిషి పరువును తన మెట్టు మీద కాపాడి, కూతురికి అప్పజెప్పిన మనిషి మా అత్త.

పోయినేటి దసరాకు బొమ్మలు సర్దేటప్పుడు ఆమె నాతో తన సంగతి చెప్పింది. పెళ్లి ఫోటోలో అందరినీ కత్తిరించినా, అంతవరకు ఆమె తనను మాత్రం కత్తిరించుకోలేదు. చెప్పేదాన్ని నేనుండగా నా బొమ్మెందుకు అనేది. తాను పోయాక తన ఫోటో గోడకు తగిలించవద్దనీ, కత్తిరించి కొలువులో నిలబెట్టమనీ నాకు అప్పగించింది. బావతో చెబితే ఏడుస్తాడని నాతో చెప్పింది. వచ్చిన చిక్కల్లా, నా మాట ఎవరూ నమ్మకపోవడమే.

శ్రావణంలో ఆమె పోయింది. దినాలు కాగానే బావ నంద్యాలలో పెద్ద ఫోటో కట్టించాడు. ఏదో పెళ్లిలో ఎవరో సెల్లుతో తీసిన, తల నుంచి పాదాల దాకా పడిన బొమ్మ, నా నడుమెత్తు వచ్చేంత పెద్దది చేయించాడు. అద్దం, చుట్టూ బంగారు రంగు చట్రం, ప్లాస్టిక్ దండ. గోడ సగం దానికే సరిపోయింది.

"బావా, అత్త గోడకు వద్దనింది."

"అప్పుడే మొదలుపెట్టినావా?"

"నిజం బావా."

"నువ్వు నిజమన్నప్పుడల్లా నేను మునిగినా. సంవత్సరందాకా మనకు పండగల్లేవు, కొలువూ లేదు. ఉన్నా కూడా మాయమ్మ మింద కత్తెర పెట్టనియ్యను. పో."



దసరా వచ్చింది. ఆత్మకూరు ఆమెకు ఎవరూ కబురు చెప్పలేదని గుర్తొచ్చి, ఆమె వచ్చే రోజున నేనూ ఆళ్లగడ్డకు పోయాను. అప్పటికే ఆమె గుమ్మంలో ఉంది. నెత్తి మీద గంప అట్లాగే ఉంది, కళ్లు గోడ మీదున్నాయి. బావ జరిగింది చెప్పాడు. ఆమె గంప దించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మరి మా నాయన?"

"పెట్టెలో ఉండాడమ్మా. ఈ యేడు పెట్టలేదు."

"మైలలో పెట్టమనను నాయనా. గుగ్గిళ్లొద్దు, పూజొద్దు. ఒగసారి చూసి పోతా. అంతే."

కాదనలేక బావ పెట్టె తెరిచాడు. గొడుగాయన అడుగున ఉన్నాడు. ఆయనను తీయాలంటే పైనున్నవాళ్లందరినీ తీయాలి. తీసినవాళ్లను నేల మీద పడేయలేం కదా. ఒక్కొక్కరినే ఖాళీ మెట్టులా ఉన్న ఇంకో పెట్టె మీద నిలబెట్టుకుంటూ వచ్చాడు. ఎప్పుడో పోయిన మామ బొమ్మ చేతికి వచ్చినప్పుడు ఆగిపోయాడు. దాన్ని చూశాడు, గోడను చూశాడు. నాయన ఇక్కడ, అమ్మ అక్కడ.

"రేయ్, అమ్మ నీతో ఏమనిందో, అమ్మ అన్నట్టే చెప్పు."

గొంతులు పట్టడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు. అత్త గొంతు ఆమె ముందరే పట్టేవాణ్ణి. ఆమె అడిగి మరీ చేయించుకునేది. పోయాక మాత్రం ఒక్కసారీ పట్టలేదు. అప్పుడు పట్టాను.

"అల్లుడా, నన్ను గోడకెక్కిచ్చేరు, జాగర్త. ఆడ మొకం మింద బల్లులు తిరుగుతాయి రా, తోలుకునేకి చేతులాడవు. మీ బావ పొద్దున్నే ఊదొత్తి ఎలిగిచ్చి కండ్లు మండిస్తాడు. నన్ను కింద మనుషుల్లో పెట్టండి. వాడేడుస్తే ఏడవనీ. కత్తెర మాత్రం వాని చేతికే ఇయ్యి."

బావ చేతిలో ఉన్న మామ బొమ్మను పెట్టె మీద నిలబెట్టాడు. ఆత్మకూరు ఆమె అటు తిరిగి ముక్కు తుడుచుకుంది.

"ఇది నువ్వు కల్పిచ్చింది కాదు లే" అన్నాడు బావ. "ఇంత బాగా కల్పిచ్చే తెలివి నీకు యాడిది?"

మా బావ నోటి నుంచి నేను విన్న మొదటి హాస్యం అది. వెంటనే పోయి గోడ మీది ఫోటో దించాడు.

కత్తిరించడం పొద్దుగూకేదాకా సాగింది. చీర కుచ్చెళ్ల దగ్గర అతని చేయి మెల్లగా నడిచింది. చెవికమ్మ దగ్గర ఊపిరి బిగపట్టాడు. నేను కాగితం పట్టుకున్నాను, ఒక్క వేళాకోళం కూడా ఆడకుండా. ఆత్మకూరు ఆమె మైదా బంక ఉడికించింది. అంత పెద్ద బొమ్మకు మిఠాయి డబ్బా అట్ట ఆగదు కదా. ఆ ఫోటో చట్రం వెనక ఉన్న చెక్కనే ఊడదీసి దానికి అంటించాడు బావ. పూజ లేదు, కలశం లేదు, హారతి లేదు. మనుషులను మాత్రం నిలబెట్టాం. అత్త ఏ మెట్టు మీదా పట్టలేదు. మామ ఆమె మోచేతి దాకా కూడా రాలేదు. చివరికి నేల మీద, అందరి ముందర నిలబెట్టాం, ఇంటికి వచ్చినవాళ్లను రమ్మనే మనిషి లాగా.

తలుపు తెరిచి ఉండడం చూసి బూబమ్మ వచ్చింది.

"పండగ లేదంటిరి?"

"పండగ లేదు బూబమ్మా. మనుషులుండారు" అన్నాను.

లోపలికి వచ్చి చూసింది. ఎదురుగా అత్త. ఏడుస్తుందేమోనని బావ మంచినీళ్లు అందుకోబోయాడు. బూబమ్మ ఏడవలేదు. ఎప్పుడూ తాను కూర్చునే చోటనే అత్తను నిలబెట్టామని మాకు అప్పుడు తెలిసింది. చీర కుచ్చెళ్లు ఎగదీసుకుని, మోకాలి మీద చేయి ఆనించి వంగింది.

"రవ్వంత జరుగక్కా" అంది.

అత్త జరగలేదు. బూబమ్మే పక్కకు సర్దుకుని, ఆమె భుజానికి భుజం ఆనేలా చతికిలబడింది. మా వైపు తిరిగి, కథ కోసం చూస్తున్న ఆ ఇద్దరి ముందర మా బావ గొంతు సవరించుకున్నాడు.