ఆగుతుందా, ఆగదా?

ఆఫీసు నెట్‌వర్క్ చూసే పెద్దాయనకు ఒకటే జబ్బు. ఎవరు ఏ పని మీద వచ్చినా ముందు, "ఇది ఆగుతుందా, ఆగదా?" అని అడుగుతాడు. జవాబును బట్టి వరసలో పెడతాడు.

"తీగ ఒకటే, పోయేవి లక్ష," అనేవాడు తన కింద పనిచేసే ఇంజనీరమ్మతో. "మెయిల్ రెండు నిమిషాలు ఆగినా ఎవరికీ తెలియదు. ఫోన్లో మాట అరక్షణం ఆగితే మనిషి హలో హలో అని గొంతు చించుకుంటాడు. అందుకే మాట ముందు, మెయిల్ వెనక."

ఇంట్లోనూ అంతే. ఒకసారి భార్య ఫోన్ చేసింది.

"ఆగుతుందా, ఆగదా?"

"మీ తమ్ముడు వచ్చాడు."

"ఆగుతుంది."

"స్టవ్ మీద పాలు పెట్టి బయటికొచ్చాం. తలుపు తాళం పడిపోయింది. తాళంచెవి లోపలుంది."

"అది కదే ముందు చెప్పాల్సింది!"

"వరసలో చెబుతున్నానండీ."

ఒక సోమవారం మధ్యాహ్నం ఒంటిగంటకు డైరెక్టరు వీడియో మీటింగ్ ముక్కలు ముక్కలైంది. ఆయన ఇంజనీరమ్మను పిలిచాడు.

"నాకన్నా ముందు వరసలో ఎవడున్నాడు? రేపు సాయంత్రంలోగా పేరు కావాలి. లేదా ఆ ముసలాయన్ని ఇంటికి పంపేస్తాను."

ఆమె పరుగున వచ్చింది. "గురువుగారూ, ఎవరండీ వాళ్లు?"

"ఆగలేనివాళ్లు."

"మీ ఉద్యోగం పోతుంది!"

"అది ఆగుతుందిలే," అని టీ ఊదుకున్నాడు.

ఆమే కూర్చుని సెట్టింగులన్నీ వెతికింది. రోజూ ఒంటిగంట నుంచి పావుగంటసేపు అందరికన్నా ముందు ఒకే ఒక్క ఫోన్. క్యాంటీన్‌లో గిన్నెలు కడిగే మనిషిది. ఇంజనీరమ్మకు ఒళ్లు మండింది.

మర్నాడు ఒంటిగంటకు క్యాంటీన్‌కు వెళ్లింది. కడిగిన పళ్లేలకు ఆనించిన ఫోన్లో హాస్టల్ బట్టల్లో ఒక పిల్ల. తల్లి తడిచేతులు తుడుచుకోకుండానే సైగలు చేస్తోంది. పిల్ల చేతులు టకటకా జవాబిస్తున్నాయి. పిల్లకు పుట్టుచెవుడు.

కాల్ అయ్యాక ఇంజనీరమ్మ అడిగింది. "మధ్యలో బొమ్మ ఆగితే?"

"ఇదివరకు ఆగేదమ్మా. చెయ్యి గాల్లోనే ఉండిపోయేది. తిన్నానందో, తినలేదందో తెలిసేది కాదు. ఒకసారి పెద్దాయన చూశారు. అప్పట్నుంచి ఆగలేదు."

ఆమె వెళ్లి చెప్పిందంతా విని డైరెక్టరు అడిగాడు.

"పావుగంటేనా?"

"అంతే సార్."

"మరి నోరు తెరిచి చెప్పొచ్చుగా ఆ మహానుభావుడు! మీటింగ్ ఒకటిన్నరకి మార్చండి."

ఇంజనీరమ్మ వచ్చి చెప్పింది. "గురువుగారూ, మీ ఉద్యోగం నిలిచింది."

పెద్దాయన తల తిప్పలేదు. "ఇంతకీ ఆ పిల్ల తిన్నదా?"

"తిన్నదట. కూర బాగాలేదట."

"అది మాత్రం నా చేతిలో లేదమ్మా," అన్నాడు.