సముద్రానికి వీపు పెట్టిన ఇళ్ళు

ఈ మంగళవారం ఉదయం ఏడూ పదికి మా వీధిలోకి వాడేసిన కాగితాలూ సీసాలూ పట్టుకెళ్ళే రీసైకిల్ బండి వచ్చింది. ఇనుపచేయి చాచి నీలం డబ్బాను ఎత్తి, బోర్లించి, మళ్ళీ కింద పెట్టింది. అరనిమిషం పని. కాఫీ కప్పు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడి, బండి మలుపు తిరిగేదాకా చూశాను. ఎనిమిదేళ్ళుగా అలాగే చూస్తున్నాను.

రెండువేల ఏడులో మా అత్తగారు, మామగారు ఆరు నెలలకని అమెరికాలో మా దగ్గరికి, ప్లేనో వచ్చారు. ఆయన భీమిలి హైస్కూల్లో సోషల్ మాస్టారుగా చేసి రిటైరయ్యారు. సముద్రం పక్కన పుట్టి పెరిగిన మనిషిని తెచ్చి, ఎటు డ్రైవ్ చేసినా పూటంతా పోతే గానీ సముద్రం కనపడని చోట పెట్టాం. పది రోజులు టీవీ చూశారు. పదకొండో రోజు మైలున్నర నడిచి లైబ్రరీకి వెళ్ళి, పాత పుస్తకాలు అమ్మే బల్ల మీద నుంచి ఇంగ్లండులోని ఒక తీరపట్టణం గురించిన పుస్తకం కొనుక్కొచ్చారు. అందులో ఆ ఊరి పటాలు మూడున్నాయి, మూడు కాలాలవి. ఇక ఆయనకు టీవీ అక్కర్లేకపోయింది. ఆ ఊరు ఎలా పెరిగిందో తెలుగులో రాస్తానన్నారు. లైబ్రరీలో ఒకావిడ ఆయన కోసం వేరే ఊళ్ళ నుంచి కూడా పుస్తకాలు తెప్పించి పక్కన పెట్టేది.

రాసింది రాసినట్టు, రోజుకు కొంచెం చొప్పున భోజనాల దగ్గర చెప్పేవారు. అది మొదట జాలరిపల్లె. గాలికి భయపడి ఇళ్ళన్నీ సముద్రానికి వీపు పెట్టి కట్టుకున్నారట. తర్వాత వైద్యులు సముద్రపు నీళ్ళలో మునిగితే, ఆ నీళ్ళు తాగితే కూడా, రోగాలు పోతాయన్నారు. డబ్బున్నవాళ్ళు గుర్రాలు లాగే చక్రాల గదుల్లో కూర్చుని, ఎవరి కంటా పడకుండా నీళ్ళలోకి దిగేవారు. వాళ్ళ కోసం కట్టిన ఇళ్ళు సముద్రం వైపు తిరిగాయి. రైలు వచ్చాక మిల్లు కూలీలు ఒకటి రెండు రోజులు సెలవు పెట్టుకుని దిగబడ్డారు. అద్దె గదుల ఇంటావిడలు పొద్దున్నే టిఫిను పెట్టి, సాయంత్రం దాకా లోపలికి రావద్దని బయటికి పంపేసేవారు.

"వర్షం వస్తే కూడానా, తాతా?" అని అడిగింది మా అమ్మాయి. దానికి అప్పుడు తొమ్మిదేళ్ళు.

"వర్షం వచ్చినా అంతే. ఇంటావిడంటే మీ నానమ్మ లాంటిది మరి." తర్వాత నా వైపు తిరిగి, "మనం సముద్రానికి వెళ్ళేది చేపలకీ, అస్థికలకీనమ్మా. వీళ్ళు ఊరికే కూర్చోడానికి వెళ్ళారు. ఊరికే కూర్చునేవాళ్ళ వల్ల ఒక ఊరు పెరిగింది" అన్నారు.

"మీరూ ఊరికేగా కూర్చున్నారు ఇన్నాళ్ళూ. భీమిలి ఏం పెరిగింది?" అన్నారు అత్తగారు పప్పు వడ్డిస్తూ.

ఆయనకు కాగితం వృథా చేసే అలవాటు లేదు. ఆ రోజుల్లో కొత్తగా ఎవరింటికి వెళ్ళాలన్నా ఇంటర్నెట్‌లో చూసి దారి ప్రింట్ తీసి కార్‌లో పెట్టుకునేవాళ్ళం. వాడేసిన ఆ ప్రింట్ల వెనకవైపు పెన్సిల్‌తో రాసి, బోర్లించి, దొంతి పెట్టేవారు.

ఒక శనివారం మా ఇంట్లో పాట్‌లక్, వచ్చేవాళ్ళు తలా ఒక వంటకం తెచ్చే విందు. బల్ల ఖాళీ చేస్తూ, పాత దారుల దొంతి కదా అని తీసి నీలం డబ్బాలో వేశాను. తిప్పి చూడలేదు. మంగళవారం పొద్దున బండి వచ్చి పట్టుకుపోయింది. ఆ మధ్యాహ్నం ఆయన వచ్చి, "అమ్మా, నా కాగితాలు చూశావా? పైకి దారులు కనిపిస్తాయి" అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు. తెలిసిన తర్వాతే అన్నాను: "మీరే ఎక్కడో పెట్టి మర్చిపోయుంటారు మావయ్యగారూ. మొన్న కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టారు కదా."

నవ్వుతూ అన్నాను. ఆయనా నవ్వారు. కళ్ళజోడు సంగతి నిజమే.

మూడు రోజులు వెతికారు. పరుపుల కింద, బియ్యం డబ్బా వెనక, కార్‌లో. నేనూ ఆయనతోపాటు వెతికాను. లైబ్రరీకి వెళ్ళి అక్కడా అడిగొచ్చారు. నాలుగో రోజు మావారితో, "ఒరే, నా బుర్ర పాడవుతోందిరా" అన్నారు.

"మీకా మతిమరుపు? మన పెళ్ళిలో వంకాయ కూరలో ఉప్పు తక్కువైందని నలభయ్యేళ్ళుగా చెబుతున్నారు" అన్నారు అత్తగారు. మేమంతా నవ్వాం. ఆయన నవ్వలేదు.

దారి తప్పుతానేమోనని లైబ్రరీకి వెళ్ళడం మానేశారు. "తాతా, ట్రెయిన్ వచ్చింది కదా, దెన్ ఏమైంది?" అని మా అమ్మాయి అడిగితే, "సరిగ్గా గుర్తు లేదమ్మా. తప్పు చెప్పకూడదు" అన్నారు. గుర్తుందని ఆయన ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. చెప్పవలసిన మాట నా నోటి దాకా వచ్చింది. ఆయన కంచంలో కూర వడ్డించాను.

టికెట్ మార్పించుకుని రెండు నెలలు ముందే వెళ్ళిపోయారు. మరుసటి ఏడు గుండెపోటుతో పోయారు. మేము వెళ్ళినప్పుడు అత్తగారు ఆయన చొక్కా జేబులోని చీటీలు చూపించారు. పాలవాడి పేరు, తాళంచెవి పెట్టే చోటు, మనవరాలి పుట్టినరోజు. "ఒక్కటీ తీసి చూడాల్సిన పని పడలేదమ్మా. అన్నీ గుర్తే. ఆయనకే నమ్మకం పోయింది" అన్నారు.

ఆవిడకు చెప్పలేదు. మావారికీ చెప్పలేదు. కాలం గడిస్తే చెప్పడం సులువవుతుందనుకున్నాను. ఈలోగా వినవలసిన మనిషి లేకుండా పోయారు. ఆయన ఇక్కడే వదిలేసి వెళ్ళిన పుస్తకం చదివాను. రైలు వచ్చాక ఏమైందో ఇప్పుడు నాకు తెలుసు. మా అమ్మాయికి పదిహేడేళ్ళు. తను మళ్ళీ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఇప్పుడు మా ఇంట్లో ఎవరి వేళకు వాళ్ళం తింటాం. భోజనాల దగ్గర ఎవరూ ఏదీ చెప్పరు.