సుద్ద బొమ్మలో పెళ్లికొడుకు

ఆ వయసులో మనిషికి తన మొహం మీద ఉండే నమ్మకం తలుచుకుంటే ఇప్పుడు ముచ్చటేస్తుంది. ఖతార్‌లోని లుసైల్‌లో, కాంక్రీటు పోతకు చెక్కలు బిగించే షట్టరింగ్ పనికి చేరిన కొత్తలో నాకా నమ్మకం దండిగా ఉండేది. (మా లేబర్ క్యాంప్‌లో ఉన్నది ఒక్కటే అద్దం, అదీ పగిలింది. బహుశా అందుకేనేమో.) మా గదిలో అందరికీ పెద్ద నిజామాబాద్ అన్న. ఆయన ఒక ఇంగ్లిష్ చిత్రకారుడి దగ్గర డ్రైవరు. ఆ పెద్దమనిషి సుద్దముక్కలతో మనుషుల బొమ్మలు గీసేవాడు కాబట్టి మేం సుద్దదొర అని పేరు పెట్టుకున్నాం. ఒక శుక్రవారం అన్న వచ్చి, దొరకు ఫిగర్ డ్రాయింగ్ కోసం అర్జెంటుగా ఒక ఫిగర్ కావాలట అన్నాడు. మా పోరగాళ్ల భాషలో ఫిగర్ అంటే చూడచక్కని అమ్మాయి. మగాళ్ల క్యాంప్‌లో ఫిగర్‌ను ఎక్కణ్ణించి తెస్తామని అందరూ పడీపడీ నవ్వారు. "మనిషైతే సాలట. నువ్వే నడువు, యల్లా," అని అరబ్బీలో తొందరపెడుతూ అన్న నా చెయ్యి పట్టి లేపాడు. ఆ రోజు నుంచి నా పేరు ఫిగరే అయింది. పైకి కసురుకున్నాను గాని, లోపల పొంగిపోయాను.

బొమ్మకని చొక్కా విప్పమంటారని ఎవరో భయపెడితే, ఎందుకైనా మంచిదని రెండు బనియన్లు తొడుక్కుని వెళ్లాను. పాపం, దొర ఏమీ విప్పమనలేదు. కుర్చీలో కూర్చోబెట్టి, కదలొద్దని సైగ చేశాడంతే. వారమంతా ఎండలో మాడిన ఒంటికి ఆ ఏసీ గాలి తగిలేసరికి కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. లేచి చూస్తే మట్టిరంగు కాగితం మీద నేనే! ఒళ్లంతా నల్లసుద్ద, వెలుగు పడినచోటల్లా తెల్లసుద్ద. నేనింత బాగుంటానని నాకే తెలియదు.

సరిగ్గా అప్పుడే ఊళ్లో నాకొక సంబంధం నడుస్తోంది. అమ్మాయి ఫోటో చూసిన దగ్గర్నుంచి నాకు అన్నం సయించడం లేదు. ఈ పిల్ల చెయ్యి జారితే ఇంక పెళ్లే వద్దనుకున్నాను. వాళ్లు నా ఫోటో అడిగారు. సెల్ఫీ అయితే ఎవడైనా పంపుతాడు, దొర గీసిన బొమ్మ ఎవడు పంపుతాడని, దాన్నే ఫోన్‌తో తీసి పంపించాను.

మర్నాడే అమ్మ ఫోన్. "దుబాయ్ల నెత్తంత నెరిసిందారా కొడుకా? పిలగానికి నలభై ఏండ్లుంటయని పిల్ల తండ్రి ఎనుకకు పోతుండు." దుబాయ్ కాదు, ఖతార్ అని ఎప్పటిలాగే సరిదిద్ది, అది జుట్టు కాదు సుద్ద అని చెప్పాను. నెత్తికి సుద్దెందుకు పూసుకున్నావని అమ్మ ఏడుపు.

చివరికి వీడియో కాల్ పెట్టించారు. తలంటుకుని, ఫోన్ ముందు తల వంచి, పాయ పాయ విడదీసి చూపించాను. నిజామాబాద్ అన్న పక్కన నిలబడి టార్చి పట్టాడు. పెళ్లిచూపుల్లో నడినెత్తి చూపించిన పెళ్లికొడుకును మా వంశంలో నేనొక్కణ్ణే. అయినా పిల్ల తండ్రి, రంగేసుకున్నాడేమో అని నసుగుతూనే ఉన్నాడు. ఇంతలో అవతల ఫోన్ అమ్మాయి చేతికి వెళ్లింది.

"అది సుద్దని నాకు ఎర్కనే, బాపూ," అంది తండ్రితో. తర్వాత గొంతు తగ్గించి నన్నడిగింది: "బొమ్మల నిద్ర పోతున్నరు గదా? అంతగనం అలసిపోతరా?"

బొమ్మ చూసినవాళ్లలో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే. తల ఎత్తితే తడి కళ్లు కనపడతాయని భయపడి, నడినెత్తి అలాగే చూపిస్తూ ఉండిపోయాను. ఆ అమ్మాయే ఇప్పుడు మా ఇంటావిడ. ఫోన్ ముందు తల వంచిన ఆనాటి ఆ కుర్రవాడు గుర్తొచ్చినప్పుడల్లా నవ్వొస్తుంది. వెళ్లి వీపు తట్టి, ఇంక తలెత్తరా నాయనా, ఒప్పుకుంది, అని చెప్పాలనిపిస్తుంది.