ఎడమవైపు తలుపు

కార్ల షెడ్డు మేస్త్రీ మీద నా కోపం ఇప్పటికీ తగ్గలేదు. మా పాత కారు ఎడమ తలుపు వేలు మందం కిందికి జారింది. ఎత్తి తోస్తే తప్ప పడేది కాదు. అతను అరగంటలో బాగుచేసి ఇచ్చాడు. ఆ ఆదివారం అక్కను చర్చికి తీసుకెళుతుంటే, కోట దాటిన మలుపులో ఆ తలుపు దానంతటదే తెరుచుకుంది. అక్క నా చొక్కా పట్టుకోకపోతే రొయ్యల గుంటల కాలువలో పడేది.

ఇంటికొచ్చి చూశాను. తలుపును మోసే బందుల జోలికే అతను పోలేదు. తలుపు ఎంత జారిందో, కారు చట్రం మీద దాన్ని పట్టుకునే కొక్కేన్ని కూడా అంతే కిందికి జరిపి బిగించాడు. లాకు సగమే పడుతోంది. కొక్కెం పాత చోటు రంగు మీద అచ్చులా కనిపిస్తోంది. నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. మిగతాదంతా శాఖా గ్రంథాలయంలో చదువుకున్నాను. మోటారు మరమ్మతుల పుస్తకం మూడుసార్లు ఇంటికి తెచ్చుకున్నాను. ముందు బందులు చూడాలని, కొక్కేన్ని చివర్లోనే ముట్టుకోవాలని అందులో బొమ్మ వేసి మరీ ఉంది.

షెడ్డుకెళ్లి నిలదీశాను.

"బందుల్లో పిన్నులు ఒకే పక్క అరిగినాయన్నా. మార్చినా మళ్లా అరుగుతాయి. తలుపు మీద ఊగేదెవురో ముందు చూసుకో" అన్నాడు తలెత్తకుండా.

"ఎవరూ ఊగరు. ఉప్పుగాలికి తుప్పు పట్టింది. పని రాదని చెప్పు."

"అంత వచ్చినోడివి నువ్వే చేసుకో పో."

చేసుకున్నాను. తలుపు కింద జాకీ పెట్టి, మధ్యలో గోనెసంచి మడిచి, పాత పిన్నులు కొట్టి తీశాను. కొత్త పిన్నులు, అవి తిరగడానికి లేత్‌లో చేయించిన ఇత్తడి బుష్‌లు వేశాను. తలుపు చుట్టూ సందు సమానమయ్యేదాకా జాకీ ఎత్తుతూ దించుతూ ఒక పూట గడిచింది. కొక్కేన్ని దాని పాత అచ్చులోనే బిగించాను. ఈ తలుపు మీద చేయి వేస్తే ఊరుకోనని ఇంట్లో అందరికీ వినపడేలా అరిచాను.

ఆదివారం చర్చి ముందు అక్క కాళ్లు బయట పెట్టింది గానీ లేవలేదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"దిగక్కా, ప్రార్థన మొదలయింది."

"ఎట్టా దిగేదిరా? ఇన్నాళ్లూ తలుపు పట్టుకునే గదా లేచింది. ముట్టుకోవద్దంటివే. వచ్చే వారం నుంచి ఆటోలో వస్తాలే. దాంట్లో అయితే పట్టుకునేదానికి కడ్డీ ఉంటాది."

ఆమె మోకాళ్లు అరిగాయని నాకు తెలుసు. కానీ నేనెప్పుడూ నా వైపు దిగి ముందు నడిచేవాణ్ణి. ఆమె ఎలా దిగుతుందో ఒక్కసారీ చూడలేదు. పిన్ను అరిగిన తీరును బట్టి మేస్త్రీ కనిపెట్టాడు. ఆ సంగతి నన్ను ఇంకా మండించింది.

అక్క పట్టుకుని లేవడానికి కారులోనూ ఒక కడ్డీ పెట్టించాలి. వెల్డింగ్ నాకు రాదు. సోమవారం మళ్లీ ఆ షెడ్డుకే వెళ్లాను. కొక్కెం జరిపి అక్క ప్రాణం మీదికి తెచ్చినందుకు మాత్రం తిట్టాల్సినంతా తిట్టాను. అతను అంతా విన్నాడు.

"అక్కను తీసుకురా. చెయ్యి యాడికి అందుతాదో చూడాల."

అక్క సీట్లో కూర్చుని చేయి చాపింది. అతను ఆ చోట సుద్దముక్కతో గీత పెట్టాడు.