యోగా పీరియడ్‌లో నా నడుము

నల్గొండలో నేను తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు మా బడిలో ఉదయం ప్రార్థన అవగానే యోగా పీరియడ్ పెట్టారు. మాకు అదొక వినోదం. కళ్లు మూసుకోమంటే పక్కదాని జడ లాగేవాళ్లం. శవాసనంలో ఒకరిద్దరు నిజంగానే గురక పెట్టేవాళ్లు. మనసులోంచి అన్నీ తీసేయమని సారు చెప్పేవారు. పొద్దున ఏమీ తినకుండా వచ్చినవాళ్ల మనసులోంచి ఇడ్లీ ఎలా పోతుంది?

నా నవ్వు మాత్రం పాదహస్తాసనం దగ్గర ఆగిపోయింది. మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి పాదాలు తాకాలి. నా చేతులు మోకాళ్లు దాటి కాస్త కిందికి వెళ్లి అక్కడే నిలిచిపోయాయి. సారు నవ్వుతూ, మొక్కై వంగనిది మానై వంగునా అన్నారు. అందరికీ అది సామెత. నాకు చెమటలు పట్టాయి.

ఎందుకంటే ఆ వంగడం నేను అంతకుముందే చూశాను. మేము ఊరు వదిలి నల్గొండకు రాకముందు, బోరునీళ్లలోని ఫ్లోరైడ్ ఎవరి ఎముకల్లోకి ఎంత దిగిందో చూడటానికి మా ఊరికి డాక్టర్లు వచ్చారు. వంగి కాళ్లు తాకమన్నారు, గడ్డం ఛాతీకి ఆనించమన్నారు, చేతులు మెడ వెనక పెట్టమన్నారు. మా బాపుకు ఏదీ రాలేదు. ఆయన పక్కకు చూడాలంటే ఒళ్లంతా తిరగాలి. అవే నీళ్లు తాగి నేనూ పెరిగాను. యోగా అని పేరు మార్చి రోజూ నాకు ఆ పరీక్షే పెడుతున్నారనిపించేది.

ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. వంటింటి తలుపు దగ్గరగా వేసుకుని వంగి చూసుకునేదాన్ని. ఒక సాయంత్రం బాపు చూశాడు. ఏం చేస్తున్నావని అడగలేదు. అర్థమైందని ఆయన ముఖమే చెప్పింది. "ఏడ గుంజుతాంది బిడ్డా?" అన్నాడు.

మోకాళ్ల వెనక, పిక్కల్లో, అని చూపించాను. నడుములో కాదు కదా అని మళ్లీ అడిగాడు. కాదన్నాను.

"నాకు గుంజకపోయేది. గోడకు తాకినట్టు ఆడికే ఆగేది. నీకు గుంజుతాందంటె వస్తది. ఫికర్ చెయ్యకు."

ఆ మాటలో వైద్యం ఎంతుందో నాకు ఇప్పటికీ తెలియదు. ధైర్యం నాకు చెప్పాడో, తనకు చెప్పుకున్నాడో. మర్నాటి నుంచి నేను ఆ గుంజుడు కోసమే వంగాను. నొప్పి పుడితే సంతోషపడే పిల్ల ఆ వరసలో నేనొక్కదాన్నే.

చలికాలం పోయి ఎండలు ముదిరేసరికి, ఒకనాడు బడిలో నా వేళ్లు పాదాలను తాకాయి. సాయంత్రం ఇంటికి పరుగెత్తి, వాకిట్లో నిలబడ్డ బాపు ఎదురుగా వంగాను. ఆయన మెడ కిందికి వంగదు. అంత దగ్గర్లో నా పాదాలు ఆయనకు కనబడలేదు. తాకినయా అని అమ్మను అడిగాడు. తాకినయి అంది అమ్మ. అయినా ఆయనకు తృప్తి లేదు. వెనక్కి వెనక్కి నడిచి, అవతలి గోడకు వీపు ఆనించి, "ఇంకోపారి వంగు" అన్నాడు.

వంగాను. లేచి చూస్తే బాపు ఏడుస్తున్నాడు. ఏడుస్తూనే మళ్లీ వంగమన్నాడు.