నాగభూషణం గారి తలకిందుల కెమెరా

"ఇంకా తేలికది చూపించు భయ్యా. ఇది పట్టుకుంటే మణికట్టు ఏడుస్తోంది."

ఈ మాటంటున్న నాగభూషణం గారి కుడిచెయ్యి ప్యాంటు జేబులో ఉంది. ఎడమచేతిలో కెమెరా తలకిందులుగా ఉంది. సాకేత్ మాల్‌లో ఆ కొట్టతను, తిరగేసి పట్టుకున్నారని మర్యాదగానే చెప్పాడు.

"అంకల్‌జీ, ఉల్టా పకడా హై."

"మాలూమ్ హై. ఉల్టా హీ చాహియే," అన్నారీయన, తెలుసు, తలకిందులుగానే కావాలని.

లోకంలో కొందరు కెమెరాని కంటితో ఎంచుకుంటారు, కొందరు పర్సుతో. మా నాగభూషణం గారు ఒంటిచేత్తో, అదీ తలకిందులుగా ఎంచుకుంటారు. కేంద్రప్రభుత్వంలో అండర్ సెక్రటరీ కదా, ఫైలుకైనా కెమెరాకైనా నాలుగు అభ్యంతరాలు రాయందే ఆయనకి అన్నం సహించదు.

దేశ రాజధానిలోని ద్వారక కాలనీలో మాది ఒకే అపార్ట్‌మెంట్ సొసైటీ. కెమెరాల గురించి నాకు నేనుగా నేర్చుకున్నది కాస్త ఉందని, శనివారమొస్తే నన్ను మెట్రో ఎక్కించేవారు. జూమ్ లెన్స్ మంచిదండీ అంటే, "తిప్పాలా?" అనేవారు. తిప్పాలంటే, వద్దు.

"మరి దూరంగా ఉన్నవెలా తీస్తారు?"

"దగ్గరికి నడిస్తే పోలా?"

వాళ్ళావిడ కమల గారి బాధ వేరు. "జేబులో చెయ్యి పెట్టుకుని, ఎడంచేత్తో పెరుగుగిన్నె ఎత్తి అలా నిలబడిపోతారు బాబూ. పోనీ ఆ చేత్తోనే కుక్కర్ దించండి అంటే, హెవీ అంటారు."

మా ఆదివారం నడక బృందానికి మాత్రం ఆయన మీద కోపమే. మమ్మల్ని ఆరావళి గుట్టలు ఎక్కించిందీ, చెట్లకి ఫోటోలు తీయడం నేర్పిందీ ఆయన ప్రాణస్నేహితుడు గోవిందరాజులు గారు. పక్షవాతమొచ్చి లేచాక ఆ మనిషి గడప దాటడం మానేశారు. ఎవరు పిలిచినా "మీరెళ్ళండి" అని తలుపేసుకుంటారు. ఇక రారేమోనని మా దిగులు.

"స్నేహితుడు నాలుగ్గోడల మధ్య కూర్చుంటే, తమరికి కెమెరా సరదానా?" అని బృందంలోని మైథిలి గారు మొహమ్మీదే అడిగేశారు.

"అవునమ్మా, ముదిరిపోయింది," అని ఒప్పేసుకున్నారాయన.

సాకేత్ కొట్టులో ఆఖరికి అరచేతిలో ఇమిడే కెమెరా ఒకటి బయటికొచ్చింది. దానికి బిస్కెట్టంత లెన్స్, తిప్పే పనే లేదు. నాగభూషణం గారు దాన్ని తలకిందులు చేసి, అడుగునకొచ్చిన మీటని బొటనవేలితో నొక్కారు. నా మొహం తిరగబడి పడింది.

"ఠీక్ హై. ప్యాక్ కర్ దో."

తిరుగు మెట్రోలో అడిగేశాను, ఇదేం పట్టుకోవడమండీ అని.

"మీట ప్రతి కంపెనీ వాడూ కుడివైపే పెడతాడు ఉదయ్. ఎడంచెయ్యి ఒక్కటే ఆడేవాడు ఏం చెయ్యాలి? తలకిందులు చేస్తే మీట ఎడంవైపుకొస్తుంది. ఫోటో తిరగబడితే ఇంటికొచ్చి తిప్పుకుంటాడు. గోవిందరాజులు ఇప్పుడు కుడిచెయ్యి జేబులోంచి తియ్యట్లేదు, చూశావా?"

నేను చూడలేదు.

సొసైటీ గేటు దగ్గర పెట్టె నా చేతిలో పెట్టారు.

"నేనిస్తే జాలనుకుని విసిరికొడతాడు. నువ్వెళ్ళి ఈ పెట్టె వాడి దగ్గర పెట్టు. నాగభూషణం పనికిమాలిన కెమెరా కొన్నాడు, పైగా దాన్ని తలకిందులు చేసి బొటనవేలితో నొక్కుతున్నాడు, రేపు గుట్ట మీదికొచ్చి మీరే నాలుగు తిట్టాలి అని చెప్పు. నన్ను తిట్టే అవకాశం వాడు జన్మలో వదులుకోలేదు. ఊఁ, నడు. కాస్త కారం దట్టించి మరీ చెప్పు."